ఎవరి మీద సగటు

జూన్ 4

కొత్త కోడ్ నడిచింది! సీట్లో కూర్చుని కేక పెడితే బాగుండదని బాత్రూమ్‌లోకి వెళ్లి, అవసరం లేకపోయినా చేతులు కడుక్కుని వచ్చాను. యాభై దాటిన మనిషిని కదా.

నాకు ముందు ఈ సీట్లో ఉన్న పెద్దాయన కోడ్‌ని పునాదులతో సహా పీకేశాను. ఆయనది పాతకాలపు కౌంటర్ పద్ధతి. ఒక ముఖం తీసుకుంటాడు. అందులో ఒక్కో పిక్సెల్ దగ్గరా ఆగుతాడు. లెక్క కడతాడు. పక్కదానికి జరుగుతాడు. ఒక్కడే గుమాస్తా, ఎదురుగా ఊరంత క్యూ. నేను మూడు స్కానింగ్ సెంటర్ల నుంచి వచ్చిన ముఖాలన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే దిమ్మ చేశాను. టెన్సర్ అంటే మరేం లేదు, అంకెల దిమ్మ. దాన్ని జీపీయూ అనే చిప్‌కి అప్పగిస్తే అన్ని ముఖాల్లోని అన్ని పిక్సెళ్లూ ఒకేసారి లెక్క తేలతాయి. క్యూ లేదు. ముందూ వెనకా లేదు. నాకు క్యూలంటే మంట. ఏ క్యూలోనైనా చివర ఎవరు నిలబడతారో తెలుసు, దాని మీద పత్రికల్లో బోలెడు రాశాను.

పొద్దున స్కాన్ చేయించుకున్నవాళ్లు ఇక సాయంత్రం దాకా బెంచీ మీద పడి ఉండక్కర్లేదు. కాలిన ముఖానికి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని గోడకేసి తిరిగి కూర్చుంటారు వాళ్లు. వాళ్ల కోసం రాశాను దీన్ని.

మేనేజర్‌కి చెప్పాను. స్పీడ్ ఎంత పెరిగిందో ఒక్క ముక్కలో రాసివ్వండి, బ్రోచర్‌లో వేద్దాం అన్నాడు. బెంచీ మీద వాళ్ల గురించి ఒక్క మాట అడిగాడా? అడగడు. ఆ జాతే అంత.

జూన్ 5

బ్రోచర్‌లో నా పేరు వెయ్యరట. వెయ్యమని నేను అడగలేదు. అయినా ఒళ్లు మండింది.

జూన్ 19

స్కాన్లు తీసే అమ్మాయి సెలవు. ఆ పనీ నా మీదే పడింది. స్కాన్‌కి ఒక బస్సు కండక్టరమ్మ వచ్చింది.

బస్సు దారిలో ఆగిపోతే, రేడియేటర్ మూత తీస్తున్న డ్రైవర్ పక్కన నీళ్ల డబ్బా పట్టుకుని నిలబడిందట. ఆవిరంతా వచ్చి ముఖాన కొట్టిందట. డ్రైవర్‌కి ఏమైనా అయిందా అని అడిగాను. వాడికేమవుద్ది మేడం, మూత తిప్పి అవతలికి గెంతాడు, సీట్లోంచి లేవడానికే బద్ధకించేటోడు ఆరోజు గెంతాడు అంది. ఎడమ చెంప, ముక్కు పక్క, కింది కనురెప్ప. బాగా నలుపు మనిషి. కాలినచోట ఇంకా పచ్చిగా, జేగురు రంగులో మెరుస్తోంది.

చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం కింద పట్టీ సరిచేశాను. ఏం చెయ్యబోతున్నానో మనిషికి చెప్పకుండా యంత్రం ఎదురుగా కూర్చోబెట్టడం నాకు చేతకాదు. చెప్పాను. ప్రొజెక్టర్ మీ ముఖం మీద నల్లవీ తెల్లవీ చారలు వేస్తుంది, గోడ మీదైతే అవి తిన్నగా పడతాయి, ముక్కు మీద వంగుతాయి, కంటి గుంట దగ్గర విరుగుతాయి, ఆ వంపుల్ని బట్టి ఎక్కడ ఎంత ఎత్తో ఎంత లోతో కంప్యూటర్ తేలుస్తుంది అన్నాను. చారలు కొంచెం కొంచెం జరుగుతుంటే కెమెరా ఫొటోలు తీస్తుంది అన్నాను. అంతా విని, అయితే ఇవ్వాళ నన్ను జీబ్రాని చేసి పంపిస్తారన్నమాట అంది. నవ్వొద్దు, కదిలితే ఫొటో పాడవుతుంది అన్నాను. మీరలా పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా నిలబడితే నవ్వు రాదా అంది.

డాక్టరమ్మ చెప్పిందంతా తనే నాకు అప్పజెప్పింది. మచ్చ మెత్తగా ఉండే ఈ కొద్ది నెలల్లోనే దాన్ని అదిమి పట్టి ఉంచాలి. ముఖానికి అచ్చంగా సరిపోయే పలచటి ప్లాస్టిక్ మాస్కు, అద్దంలా అవతలికి కనిపించేది, పగలూ రాత్రీ పెట్టుకోవాలి. అది ఎక్కడ ఆనదో అక్కడ మచ్చ గట్టిపడి పైకి లేస్తుంది. రెప్పని కిందికి గుంజుతుంది. అప్పుడిక కన్ను మూతపడదు. కన్ను మూసి తెరవగలిగితేనే మళ్లీ బస్సెక్కు, లేదంటే స్టోర్‌రూమ్‌లో కూర్చో అన్నారట డిపోలో. టైర్లతో ఏం మాట్లాడను మేడం, నాకు జనం కావాలి అంది.

మంచి మాస్కు వస్తుంది అని చెప్పాను. మాటిచ్చినట్టే చెప్పాను.

జూన్ 20

కంప్యూటర్‌లో ఆమె ముఖం మోడల్ వచ్చింది. నిన్నటి బ్యాచ్‌లో అన్నింటికన్నా నున్నగా ఉంది. మేనేజర్ ఎవరో విజిటర్లని తీసుకొచ్చి దాన్నే స్క్రీన్ మీద తిప్పి చూపించాడు. చెంప చూడండి, పాలరాయిలా ఉంది అన్నాడు. పక్కన నిలబడి తలూపాను.

జూలై 8

మాస్కు మేస్త్రీతో గొడవ పడ్డాను. నా మోడల్‌ని బట్టి దిమ్మ చెక్కించి, దాని మీద వేడి ప్లాస్టిక్ షీటు వంచి మాస్కు తీసేది ఆయనే. కండక్టరమ్మ మాస్కు కంటి కింద ఆనడం లేదు, నా చిటికెనవేలు దూరుతోంది అన్నాడు. ఓవెన్ వేడి సరిపోయిందా అని అడిగాను. అంతే. నీ కంప్యూటర్ పుట్టకముందు నుంచీ నా ఓవెన్ కాలుతోంది తల్లీ అన్నాడు. ఓవెన్ ముసలిదైపోయిందేమో మరి అన్నాను. నేనూ ముసలాణ్ణే, నన్నూ మార్పించు అని తలుపు వేసుకున్నాడు.

గేటు ముందు ధర్నాలో ఆయన పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచినదాన్ని నేను. శ్రమజీవిని అనుమానిస్తానా? కానీ సాక్ష్యం సాక్ష్యమే. మోడల్ తెరిచి మళ్లీ చూశాను. ఎక్కడా గీత లేదు, గుంట లేదు.

జూలై 10

రెండోసారీ అలాగే వచ్చిందట. షీట్లే బాగోలేవేమో అని ఆయనే అన్నాడు. కొత్తవి తెప్పిస్తున్నాడు. నేనేమీ అనలేదు. అనక్కర్లేదు కదా.

ఆగస్టు 6

డాక్టరమ్మ పిలిచింది. వెళ్లాను.

కండక్టరమ్మకి కంటి కింద మచ్చ లేచింది. రెప్ప కొంచెం కిందికి దిగింది. కన్ను ముయ్యమంటే అడుగున తెల్లగా ఒక సందు మిగులుతోంది. డాక్టరమ్మ మోడల్ సరైనదేనా అని అడిగింది. ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించాను. షీట్లు మార్చాం, ఓవెన్ చూశాం అన్నాను. మరింకేం మిగిలింది అంది. రోజంతా పెట్టుకోవడం లేదేమో అన్నాను.

ఆ మాట ఫైల్లో రాయండి, తర్వాత ట్రీట్‌మెంట్ దాన్ని బట్టి చూస్తాను అంది. రాశాను. చెప్పినంతసేపు మాస్కు ధరిస్తున్నట్టు అనిపించడం లేదు అని ముందు ఇంగ్లీషులో రాశాను. డొంకతిరుగుడుగా ఉందని అనిపించడం అనే మాట కొట్టేశాను. ధరించడం లేదు.

కండక్టరమ్మ బయట బెంచీ మీద ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఒళ్లు కడుక్కోవడానికి తప్ప తియ్యలేదు మేడం అంది. మెత్తగా మాట్లాడాను. ఉక్క, దురద, వీధిలో జనం చూపులు, నాకు అర్థమవుతుంది అన్నాను. ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టడం లేదు అన్నాను. మాస్కు పట్టీ తడుముకుంది. నిద్రలో నాకు తెలీకుండా తీసేస్తున్నానేమో అక్కా అంది.

అక్కా అంది. ఇంటికొచ్చేదాకా ఆ మాట చెవిలో తీయగా ఉంది.

ఆగస్టు 10

పత్రికకి ఈ నెల వ్యాసం పంపాను. సగటు మనిషి అనే అబద్ధం గురించి. యంత్రాలు తయారుచేసేవాళ్లు తమలాంటివాళ్లని కొలిచి, ఆ కొలతకి మనిషి అని పేరు పెట్టి, దానికి సరిపడనివాళ్లని లోపం కింద తీసిపారేస్తారు. చివరి పేరా చాలా బాగా కుదిరింది. సగటు అని ఎవరైనా అనగానే మనం అడగాల్సింది ఒక్కటే, ఎవరి మీద సగటు? అలా ముగించాను.

సహచరుడు చదివాడు. మావారు అని నేను రాయను, ఇన్నేళ్లలో రాయలేదు. ఇంటాయన అని అసలే రాయను, ఇల్లు ఇద్దరిదీ. చదివి, నీ వ్యాసాల్లో దుర్మార్గులందరూ కోటు తొడుక్కునే ఉంటారేం, ఒక్కళ్లకైనా నీలాంటి నలిగిన కాటన్ చీర ఉండదా అన్నాడు. కోటు తొడుక్కున్నవాళ్ల చేతిలోనే అధికారం ఉంది కాబట్టి అన్నాను. అయితే సరే అని వంటింట్లోకి పోయాడు. ఆయన సరే అన్న ప్రతిసారీ ఓడిపోయినట్టు ఎందుకుంటుందో.

ఆగస్టు 28

కండక్టరమ్మ చూపించుకోవడానికి వచ్చింది, కూతుర్ని తోడు తెచ్చుకుని. జోకులు లేవు. మాస్కు పట్టీలు చెంపల మీద గాడి పెట్టాయి. ఇంతలా గాడి పడితే రోజంతా పెట్టుకుంటున్నట్టే కదా అని ఒక్క క్షణం అనిపించింది. వచ్చేముందు బిగించుకుని ఉంటుందిలే అనుకున్నాను. అనుకున్నాను, నిజం రాస్తున్నా.

మళ్లీ చెప్పాను. ఇది మీ కన్ను, మీ ఉద్యోగం, మీ స్వేచ్ఛ అన్నాను. కూతురు నన్ను కాల్చేసేలా చూసింది. కండక్టరమ్మ దానికి తగ్గమ్మా అని సైగ చేసి, ప్రయత్నం చేస్తున్నా అక్కా అంది. మణికట్టు చుట్టూ ఒరుసుకుపోయి ఉంది. ఏమైంది అన్నాను. వాచీ బెల్టు అంది. ఇంకో చెయ్యి కొంగులో పెట్టుకుంది.

ఆ అమ్మాయి చూపు గుర్తొస్తే చిరాకేస్తోంది. సాయం చేసేవాళ్ల మీద కోపమేంటి?

సెప్టెంబర్ 11, మధ్యాహ్నం 2

మిగతా రెండు సెంటర్ల నెట్ లైన్ పొద్దుట్నుంచీ లేదు. ఈరోజు బ్యాచ్‌లో కండక్టరమ్మ ఒక్కతే. కొత్త మాస్కు కోసం డాక్టరమ్మ మళ్లీ స్కాన్ చేయించింది.

వచ్చిన మోడల్ చూసి వేరే ఎవరిదో అనుకున్నాను.

2:40

కంటి కింద లోతుగా గుంట ఉంది. గుంట అంచున మచ్చ గట్టులా లేచి ఉంది. జూన్ మోడల్‌లో అక్కడ నున్నటి మైదానం. మచ్చ ఈమధ్య పెరిగింది కాబట్టి గట్టు కొత్తగా రావచ్చు. మరి గుంట? చెంప ఎముక పక్కన గుంట ఒక్క వానాకాలంలో పుడుతుందా?

3:30

జూన్ నాటి ఫొటోలు తీశాను. ఆమెవి మాత్రమే నడిపాను. గుంట వచ్చింది. ఆనాటి బ్యాచ్‌లో కలిపి నడిపాను. గుంట పోయింది. అవే ఫొటోలు. అదే ముఖం. మళ్లీ నడిపాను. ఒంటరిగా కూర్చోబెడితే ఆమె ముఖం ఆమెకుంది. నలుగురిలో కూర్చోబెడితే లేదు.

4:15

దొరికింది.

చారలు జరుగుతుంటే ముఖం మీద ప్రతి చుక్కా ఒకసారి వెలుగుతుంది, ఒకసారి మసకబారుతుంది. వెలుగులోని ఆ ఎగుడుదిగుడులోంచే లోతు తెలుస్తుంది. ఎగుడుదిగుడు మరీ తక్కువగా ఉన్న చుక్కల్ని నమ్మకూడదు, తీసెయ్యాలి. ఎంత తక్కువైతే తీసెయ్యాలి? సగటుతో పోల్చి చూడాలి. పెద్దాయన కోడ్ ఏ ముఖం సగటు ఆ ముఖానికి తీసేది. దిమ్మలో సగటు తీసేటప్పుడు ఏ ముఖానికి ఆ ముఖంగా తియ్యమని ఒక మాట రాయాలి. రాయకపోతే దిమ్మ మొత్తానికీ ఒకే సగటు తీస్తుంది.

నేను రాయలేదు.

నల్లటి చర్మం మీద చారలు సన్నటి వెలుగుతో తిరిగొస్తాయి. ఆ వెలుగు ఆ ముఖానికి చాలు. తెల్లముఖాల సగటు పక్కన పెడితే చాలదు. ఆమె చెంప చెత్త కింద లెక్కకొచ్చింది. నా కోడ్ ఆ చెత్త తీసేసి, మిగిలిన చిల్లు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి నున్నగా పరిచింది. గుంట మీద పలక వేసినట్టు. ఆ పలక మీద మేస్త్రీ ప్లాస్టిక్ వంచాడు. మాస్కుకీ చెంపకీ మధ్య గాలి. మేనేజర్ పాలరాయి అన్నది దాన్నే. నేను తలూపాను.

ఆమె మాస్కు తియ్యలేదు. ఒక్క రోజూ తియ్యలేదు.

సెప్టెంబర్ 12

కోడ్‌లో ఆ లైన్ సరిచేశాను. ఒక్క మాట. తుమ్మినంత సేపు కూడా పట్టలేదు.

సెప్టెంబర్ 13

పత్రికవాళ్ల సభకి వెళ్లాను. ఒప్పుకుని ఉన్నాను, మానేస్తే బాగుండదు అని చెప్పుకున్నాను. అబద్ధం. అక్కడికి వెళ్తే ఒక పూటైనా పాత మనిషినై ఉండొచ్చని వెళ్లాను.

చదివాను. పత్రికలో వేసిన ఆ వ్యాసమే. ఎవరి మీద సగటు అనే వాక్యం దగ్గరకి రాగానే మాట తడబడి రెండుసార్లు చదివాను. ఆవేశం అనుకున్నారు. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. చప్పట్లు ఆగాక ఒక కుర్రాడు లేచి, ఇలాంటి కోడ్ రాసేవాళ్లకి మనుషులంటే లెక్క ఉండదా మేడం అని అడిగాడు. ఉండదు అన్నాను.

మళ్లీ చప్పట్లు.

సెప్టెంబర్ 14

మేనేజర్‌కి చెప్పాను. కేకలేస్తాడని సిద్ధపడి వెళ్లాను. తిరిగి నేనూ కేకలెయ్యొచ్చు కదా. వెయ్యలేదు. కుర్చీ చూపించి మంచినీళ్లిచ్చాడు. బగ్ దొరికింది, సరిచేశారు, వెర్షన్ మారుద్దాం, మాస్కులు కొత్తవి చేసిద్దాం, పాత ఊసు ఎందుకు, పేషెంట్లు బెంబేలెత్తుతారు అన్నాడు. మీ ఉద్దేశం మంచిదే కదండీ, ఆ సంగతి మా అందరికీ తెలుసు అన్నాడు.

ఉద్దేశం మంచిదే. ఎంతమంది నోట విన్నానీ మాట, ఎంతమందిని ఈ మాట మీద చీల్చి చెండాడాను. ఇవాళ నా కోసం అంటే దుప్పటి కప్పినట్టు హాయిగా ఉంది. కాసేపు అలాగే కప్పుకుని కూర్చున్నాను. మేనేజర్ కోటు కూడా వేసుకోలేదు ఇవాళ.

సెప్టెంబర్ 15

డాక్టరమ్మ గదిదాకా వెళ్లి వెనక్కొచ్చాను. లిఫ్ట్ పనిచెయ్యలేదని ఇక్కడ రాయబోయాను. ఎవరికి చెప్పుకోవడానికి ఆ అబద్ధం? పనిచేస్తోంది.

సెప్టెంబర్ 16

చెప్పాను. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి, ఈ ఫైల్లో ఉన్న చేతిరాత మీదే కదూ అంది. నాదే అన్నాను. ఆ మాట నమ్మి నేను మాస్కు మార్చడం ఆలస్యం చేశాను, అప్పుడే మార్చి ఉంటే ఆపరేషన్ లేకుండా పోయేది అంది. నన్ను తిట్టకుండా ఫైలు మూసేసింది. తిట్టినా బాగుండేది.

జూన్ నుంచి వచ్చిన బ్యాచ్‌లన్నీ సరిచేసిన కోడ్‌తో మళ్లీ నడిపాను. చెంపలు, నుదుళ్లు, గడ్డాలు పోగొట్టుకున్నవాళ్లు ఇంకొందరున్నారు. స్క్రీన్ మీద వరసగా పెట్టి చూశాను. అందరూ కండక్టరమ్మ రంగువాళ్లే. వాళ్లందరికీ డాక్టరమ్మ చేత కబురు పెట్టించాను. మేనేజర్ తలుపు దభాలున వేసుకున్నాడు. నాకు తెలిసిన మేనేజర్ మళ్లీ కనిపించాడు, కొంచెం ఊపిరాడింది.

మేస్త్రీ దగ్గరికి వెళ్లి తప్పు నాది అన్నాను. నాకు కాదు, ఓవెన్‌కి చెప్పు అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. ఓవెన్‌కి చెప్పాను. నిజంగానే, దాని ముందు నిలబడి, పైకి చెప్పాను. అప్పుడు నాకు స్టూలు జరిపాడు.

సెప్టెంబర్ 18

వాళ్లింటికి వెళ్లాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్తున్నావు అని బస్సులో అందరూ అడుగుతున్నట్టే ఉంది. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషన్, మంచం, తలుపు వెనక మేకుకి ఖాకీ చొక్కా, ఇస్త్రీ మడత నలక్కుండా. కూతురు తలుపు తీసి అడ్డంగా నిలబడింది. లోపల్నుంచి ఎవరే అంటే, అదే, నువ్వు అక్కా అంటావు చూడు, ఆవిడ అంది.

కండక్టరమ్మ నన్ను మంచం మీద కూర్చోబెట్టింది. చెప్పాను. దిమ్మ గురించి, సగటు గురించి మొదలుపెట్టాను. మధ్యలో ఆపి, నాకవన్నీ వద్దు, నేను మాస్కు తీశానా తియ్యలేదా అది చెప్పండి అంది.

తియ్యలేదు అన్నాను.

నిద్రలో కూడా తియ్యలేదా అంది.

నిద్రలో కూడా తియ్యలేదు అన్నాను. మాస్కే మీ ముఖానికి సరిపోలేదు, ఆ కొలత తప్పు, ఆ తప్పు నాది అన్నాను.

 కూతురు మంచం కోడు దగ్గర వంగి ఏదో విప్పింది. చున్నీ. ఇంకో కోడుకి ఇంకోటి. రెండూ నా ఒళ్లో పడేసింది. రోజూ మా అమ్మ చేతులు కట్టేసి పడుకోబెడుతున్నా అంది. మాస్కు తీసేస్తున్నానేమో కట్టెయ్యి అని ఏడిచేది, కడుతుంటే నేనేడిచేదాన్ని అంది. అర్ధరాత్రి దాహమేస్తే నన్ను పిలవాలి, దోమ కుట్టినా నన్ను పిలవాలి, ముక్కు దురద పెట్టినా నన్ను పిలవాలి అంది. మీరొచ్చి స్వేచ్ఛ గురించి చెప్పారు చూడండి, ఆరోజు గట్టిగా కట్టమంది అంది.

చున్నీలు నా ఒళ్లో ఉన్నాయి. ముడి పడి పడి ఒకచోట బట్ట పలచబడింది. వాటిని ఏం చెయ్యాలో తెలియలేదు. మడత పెట్టబోయాను. కూతురు లాక్కుంది.

కండక్టరమ్మ లేచి వెనక గదిలోకి వెళ్లి భర్తనీ ఆడపడుచునీ పిలుచుకొచ్చింది. మళ్లీ చెప్పండి మేడం, వీళ్లు వినేలా అంది. మేడం అంది. చెప్పాను. కొంచెం గట్టిగా, వెనక సీటుదాకా వినపడాలి అంది. మళ్లీ చెప్పాను. ఆడపడుచు తల వంచుకుంది. ఇంగ్లీషులో రాసిచ్చారంటే నిజమే అనుకున్నాం వదినా అంది. భర్త మాత్రం కుట్టుమిషన్ చక్రం తిప్పుతూ కూర్చున్నాడు, సూదిలో దారం లేకుండా.

ఆ ఫైల్లో మాట మీరే రాశారు కదా, మీరే కొట్టెయ్యాలి, నేను చూస్తుండగా అంది కండక్టరమ్మ.

టీ ఇచ్చారు. తాగాను. తాగకుండా లేచి వస్తే అదీ నా గొప్పే అయ్యేది.

సెప్టెంబర్ 19

కొట్టేశాను. డాక్టరమ్మ, కండక్టరమ్మ, కూతురు చూస్తుండగా. ధరించడం లేదు అన్నదాని మీద గీత గీసి, కింద, ధరించారు, మాస్కు తప్పు, మాస్కు కొలత తీసినది నేను అని రాసి సంతకం పెట్టాను. ఆమె ఫైలు చేతిలోకి తీసుకుని, టిక్కెట్టు సరిచూసినట్టు వెలుగులోకి పెట్టి చూసి, ఇచ్చేసింది.

సెప్టెంబర్ 25

జరిగినదంతా వ్యాసంగా రాయడం మొదలుపెట్టాను. బాధ్యత అన్నాక పబ్లిక్‌గా ఒప్పుకోవాలి, ఇన్నేళ్లు ఇతరుల్ని అడిగింది అదే కదా. రాస్తుంటే చెయ్యి దానంతటదే పరిగెత్తింది. చున్నీల దగ్గర మాంచి వాక్యం పడింది. చదువుకుంటే నాకే ఒళ్లు గగుర్పొడిచింది. మొదట మెచ్చుకునేది ఎవరో, ఎంత ధైర్యం అని ఫోన్ చేసేది ఎవరో లెక్కేసుకుంటున్నానని అప్పుడు గమనించాను.

చింపేశాను. సహచరుడు ముక్కలు ఏరి బుట్టలో వేస్తూ, ఇది బాగోలేదా అన్నాడు. బాగుంది అన్నాను. ఈసారి సరే అనలేదు.

మరేం రాసి పంపాలి పత్రికకి? ఏ యంత్రం, ఏ లైన్, ఎవరికి ఏమైంది, ఎవరు రాశారు. నాలుగు వాక్యాలు. ఎడిటర్ ఫోన్ చేసి ఇందులో మీ శైలి కనిపించట్లేదే అన్నాడు. అలాగే వెయ్యండి అన్నాను. నా పేరు వెయ్యండి అని కూడా అన్నాను.

అక్టోబర్ 14

కండక్టరమ్మకి ఆపరేషన్ అయింది. చెవి వెనక నుంచి చర్మం తీసి రెప్ప కింద అతికారు. నేను ఆసుపత్రి వసారాలో నిలబడ్డాను. కూతురు చూసింది, పలకరించలేదు. కాసేపయ్యాక పక్కనున్న బ్యాగ్ తీసి ఒళ్లో పెట్టుకుంది. సీటు ఖాళీ చేసిందో, బ్యాగ్ సర్దుకుందో. నిలబడే ఉన్నాను.

నవంబర్ 6

కట్లు విప్పాక మొదటి స్కాన్. కండక్టరమ్మ వచ్చీరాగానే నా ఎదురుగా నిలబడి కన్ను మూసింది. తెరిచింది. అడుగున వెంట్రుక మందం సందు ఉంది. మాస్కు సరిగ్గా అదిమితే అదీ పోవచ్చంది డాక్టరమ్మ. డిపోలో కూడా ఇలాగే ముఖంలో ముఖం పెట్టి మూసి చూపించిందట. నాకు కన్ను కొట్టకమ్మా, వచ్చే నెల రూట్ మీదకి రా అన్నాట్ట అక్కడి ఆఫీసరు. మాస్కుతోనే వెళ్తుందట. ముఖానికి అద్దం బిగించుకున్నదాన్ని చూస్తే చిల్లర లేదనే దమ్ము ఎవడికుంటుంది అంది. స్కానింగ్ అమ్మాయి పడీపడీ నవ్వింది. నాకు నవ్వాలని ఉంది. ఆమె నా కోసం వేసిన జోకు కాదది.

స్కాన్ అయ్యాక లేచి, మీరెప్పుడైనా ఈ కుర్చీలో కూర్చున్నారా మేడం అంది. లేదు అన్నాను. కూర్చోండి అంది. కూర్చున్నాను. గడ్డం కింద పట్టీ తనే బిగించింది. చారలు వచ్చాయి. కళ్లలోకి కొడతాయని నాకు తెలీదు. కదలొద్దు అంది.

నా ముఖం తీసేసిన ఆ మిషన్ మీది కూడా తీసేస్తుందో లేదో చూడండి, మీరు సరిచెయ్యకముందు పద్ధతిలోనే పెట్టి చూడండి, చూసి నాకు చెప్పండి అంది.

నవంబర్ 7

సరిచెయ్యకముందు నా కోడ్. జూన్ బ్యాచ్. ఆమె పక్కన నా తెల్లటి ముఖం పెట్టి నడిపాను.

అంతా వచ్చింది. ముక్కు మీద కళ్లజోడు నొక్కుతో సహా. ఎడమ కంటి కింద నాకూ గుంట ఉంది.

ఫోన్ చేశాను. ఒక్క చుక్క కూడా పోలేదు అని చెప్పాను.

తెలుసు మేడం అంది.